కంచుకోటలో గెలుపు అంచనా: నార్త్ ష్రాప్‌షైర్ ఓట్ల లెక్క ఏం చెబుతోంది?

ఎప్పుడూ ఒకే పార్టీ గెలిచే నియోజకవర్గాన్ని మనం కంచుకోట అంటాం. బ్రిటన్‌లో దాన్ని సేఫ్ సీటు అంటారు. అలాంటి చోట ఫలితం చెప్పడానికి పెద్ద విశ్లేషకుడు అక్కర్లేదు, పోయినసారి మెజారిటీ చూస్తే చాలు అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ 2021 డిసెంబర్ 16న ఇంగ్లండ్‌లోని నార్త్ ష్రాప్‌షైర్ ఉప ఎన్నికలో ఆ పద్ధతి ఘోరంగా తప్పింది.

వేల్స్ సరిహద్దు పక్కన పొలాలు, పాడి పశువులు, ఓస్వెస్ట్రీ, మార్కెట్ డ్రేటన్ లాంటి చిన్న పట్టణాలు ఉన్న ప్రాంతమిది. 2019లో కన్జర్వేటివ్ అభ్యర్థి ఓవెన్ పాటర్సన్‌కు 35,444 ఓట్లు వచ్చాయి. లేబర్‌కు 12,495. లిబరల్ డెమొక్రాట్లకు 5,643 మాత్రమే, అంటే మూడో స్థానం. మెజారిటీ 22,949. కాగితం మీద చూస్తే పోటీయే లేదు.

డబ్బు తీసుకుని కంపెనీల తరఫున లాబీయింగ్ చేశారని పాటర్సన్‌ను 30 రోజులు సస్పెండ్ చేయాలని పార్లమెంట్ కమిటీ సిఫార్సు చేసింది. ఆయన్ను కాపాడబోయిన ప్రభుత్వం మర్నాడే వెనక్కి తగ్గింది, ఆయన రాజీనామా చేశారు. ప్రచారం జరుగుతుండగానే లాక్‌డౌన్‌లో ప్రధాని కార్యాలయంలో జరిగిన పార్టీల గొడవ బయటపడింది. స్థానికంగా అంబులెన్సులు గంటల తరబడి రాకపోవడం, ఆస్ట్రేలియాతో వాణిజ్య ఒప్పందంపై రైతుల భయం ఉండనే ఉన్నాయి. ఎలాగూ మనకే వేస్తారులే అని పార్టీ అనుకున్న చోట ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు.

ఫలితం: లిబరల్ డెమొక్రాట్ హెలెన్ మోర్గన్ 17,957, కన్జర్వేటివ్ నీల్ శాస్త్రి-హర్స్ట్ 12,032, లేబర్ 3,686. తేడా 5,925.

అసలు విషయం ఈ లెక్కలోనే ఉంది. కన్జర్వేటివ్‌లు పోగొట్టుకున్నవి 23,412 ఓట్లు. మోర్గన్ పార్టీకి పెరిగినవి 12,314. అవన్నీ కన్జర్వేటివ్‌ల నుంచే వచ్చాయనుకున్నా ఇంకో 11 వేలు మిగులుతాయి. పైగా లేబర్ ఓట్లు కూడా 8,800 దాకా తగ్గాయి, వాటిలో చాలావరకు మోర్గన్‌కే పడి ఉండాలి. అంటే పాత కన్జర్వేటివ్ ఓటర్లలో ఎక్కువ మంది పార్టీ మారలేదు, ఇంట్లో కూర్చున్నారు. పోలింగ్ 46 శాతమే.

అందుకే కంచుకోటలో మెజారిటీ ఒక్కటే చూస్తే సరిపోదు. వ్యతిరేక ఓటు ఒకే అభ్యర్థి వెనక చేరుతోందా? సొంత ఓటరుకి గడప దాటే ఉత్సాహం ఉందా? ఈ రెండూ చూడాలి. రెండు వారాల ముందు, డిసెంబర్ 2న, లండన్ శివార్లలోని ఓల్డ్ బెక్స్‌లీ అండ్ సిడ్‌కప్‌లో పోలింగ్ ఇంకా తక్కువ, 34 శాతమే. అయినా కన్జర్వేటివ్‌లు 4,478 ఓట్లతో సీటు నిలబెట్టుకున్నారు. పోలింగ్ తగ్గినంత మాత్రాన కోట కూలదన్నమాట. ఇంకో సంగతి, ఉప ఎన్నికలో ప్రభుత్వం మారదు కాబట్టి కోపం చూపించడం సులువు. అదే జోరు సాధారణ ఎన్నికల్లో ఉంటుందని ముందే అనుకోకూడదు. మోర్గన్ మాత్రం 2024లోనూ గెలిచారు.

మనవాళ్లు చాలామందికి తెలియనిది ఒకటుంది. చదువు కోసమో ఉద్యోగం కోసమో చట్టబద్ధంగా బ్రిటన్‌లో ఉంటున్న భారతీయులకు, కామన్‌వెల్త్ పౌరులుగా, అక్కడి పార్లమెంట్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉంది. 18 ఏళ్లు నిండి ఉండాలి, జాబితాలో ముందే పేరు నమోదు చేయించుకోవాలి. పోలింగ్ కేంద్రానికి ఫొటో గుర్తింపు పత్రం తీసుకెళ్లాలి, భారతీయ పాస్‌పోర్ట్ కూడా చెల్లుతుంది.