శాపపు వస్తువులు, వాని చరిత్రము

గడచిన మాఘమాసమున మా పాఠశాల విద్యార్థులను ముప్పదిమందిని వెంటబెట్టుకొని పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలకు పోయితిమి. మేము సైదాబాదు నివాసులము. మలకుపేట, నాంపల్లి మీదుగా గంట ప్రయాణము. బయలుదేరుటకు రెండు దినములు ముందుగా తరగతిలో నొక బాలుడు లేచి, “సార్, ఆడ మమ్మీ ముంగట నిలవడి ఫోటో దిగితే ఇంటికి కీడంట గదా” యని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నవ్వినవారిలో సగముమంది నమ్మియే నవ్విరని మాకు దోచినది. మరునాడు ఇద్దరు బాలికల తల్లులు తమ పిల్లలను పంపజాలమని కబురు చేసిరి. బయలుదేరిన దినమున నొక బాలుని చొక్కా జేబులో నిమ్మకాయ యుండెను. తల్లి పెట్టినదట. మేము దానిని తీసివేయుమనలేదు. మధ్యాహ్నము వాడు దానిని ఉల్లిగడ్డలపై పిండుకొని తినెను.

ఈ బాలుర భయమునకు మూలము పురాణములు కావు, సినిమాలు. అమెరికాదేశమున కనెక్టికట్ రాష్ట్రములో మన్రో యను నూర ఎడ్ వారెన్, లొరేన్ వారెన్ అను దంపతులు, దయ్యము పట్టినవని తాము చెప్పిన వస్తువులను తమ యింటనే ప్రదర్శనకు పెట్టిరి. అందులో అనబెల్ అను గుడ్డబొమ్మ యొకటి. దానిని బట్టి 2014లో వచ్చిన చిత్రమును మా విద్యార్థులలో చూడనివాడు లేడు. లాస్ వేగాస్ నగరమున 2017లో నిట్టిదే మరియొక శాల వెలసినది. అచ్చట రుసుము గొని భయమును అమ్ముదురు. మన పట్టణమున ఆ పేరుపెట్టి యెవరును శాల తెరచిరని మేము వినలేదు గాని, జనుల నోట శాపపు వస్తువులకు కొదువ లేదు. ఆ వస్తువుల నిజచరిత్రము తెలిసికొన్నచో శాపముకంటె నది యెక్కువ భయంకరమని పాఠకులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మమ్మీని ముందుగా చూతము. హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ 1914లో నేర్పడినది. గులాం యజ్దానీగారు దానికి మొదటి యధ్యక్షులు. పబ్లిక్ గార్డెన్సులోని సుందరభవనము 1920లో కట్టబడెను. 1930లో నది ప్రదర్శనశాల యయ్యెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు అల్లుడైన నజీర్ నవాజ్ జంగు ఈజిప్టుదేశమున నీ శవమును వేయి పౌనులకు కొని తెచ్చి, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖానునకు కానుక యిచ్చెననియు, ఆయన దానిని శాలకు దానము చేసెననియు చెప్పుదురు. ఆమె పేరు నైషూ. ఆరవ ఫారో కూతురని పత్రికలలో వ్రాయుచుందురు.

ఈ ‘ఆరవ ఫారో’ యను మాట మాకు గొంతు దిగలేదు. ఈజిప్టు రాజులను వంశములుగా లెక్కించుట చరిత్రకారుల పద్ధతి. మొదటి ఫారో, రెండవ ఫారో యని వరుసగా లెక్కించుట లేదు. ఆరవ వంశమని యర్థము చెప్పుకొందమన్నను, ఆ వంశము గతించి నాలుగువేల యేండ్లు దాటినది. ఈ శవమునకో రెండువేల మూడువందల యేండ్లని వ్రాయుదురు. ఆ లెక్కకు ఈజిప్టును ఏలుచుండినవారు గ్రీకులైన టోలెమీ వంశీయులు. రెండు లెక్కలును ఒకే పలకపై నిలువజాలవు. రాజకుమార్తె యన్ననే గాని జనులు అద్దముచెంతకు రారని తలచి యెవరో యీ బిరుదము తగిలించియుందురని మా యనుమానము. శవమును యంత్రములతో శోధించిన పిమ్మట తేలినది మాత్రము సామాన్యమైన సంగతి: ఆమె యిరువదియైదేండ్ల లోపలనో, ఆ ప్రాంతముననో మరణించిన యువతి. ఇప్పుడామె ప్రాణవాయువు చొరరాని గాజుపెట్టెలో నున్నది. గాలి తగిలిన గుడ్డ చివుకును, సూక్ష్మజీవులు చేరును. ఆ పెట్టెలోని జాగ్రత్త యంతయు మననుండి యామెను కాపాడుటకే గాని, ఆమెనుండి మనలను కాపాడుటకు గాదు.

మరి శాపమెట్లు పుట్టినది? 1922 నవంబరులో హోవర్డ్ కార్టరు టూటన్‌ఖామున్ సమాధిని కనుగొనెను. ధనమిచ్చి త్రవ్వించిన కార్నర్వాన్ ప్రభువు ఆ వార్తల హక్కును లండను ‘టైమ్స్’ పత్రిక కొక్కదానికే అమ్మివేసెను. తక్కిన పత్రికలవారికి వ్రాయుటకేమియు లేకపోయెను. 1923 ఏప్రిలులో కార్నర్వాన్ ప్రభువు దోమకాటు పుండు విషమించి చనిపోయెను. వార్త దొరకని విలేకరులకు శాపము దొరకినది! కార్టరు మాత్రము మరి పదునారేండ్లు బ్రదికి 1939లో మరణించెను. ఆ సమాధిచెంత నుండిన పాశ్చాత్యుల యాయుర్దాయములను లెక్కించి ఒక వైద్యుడు 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించెను. లోనికి పోయినవారు ఇరువదియైదుగురు. వారికిని పోనివారికిని గణితశాస్త్రము గుర్తింపదగిన భేదము కానరాలేదు.

లండను బ్రిటిష్ మ్యూజియములో ‘దురదృష్టపు మమ్మీ’ యని పేరుపడినది మమ్మీయే కాదు. శవముపై నుంచు చిత్రించిన కొయ్యపలక. 1912లో టైటానిక్ నోడ మునుగుటకు అదియే కారణమని చెప్పుకొనిరి. ఆ పలక యోడ యెక్కనేలేదు. ఎక్కినది దాని కథలు చెప్పిన స్టెడ్ అను పత్రికాసంపాదకుడు. ఆయన మునిగిపోయెను, కథ తేలినది.

ఇచట నొక పదచరిత్రము చెప్పక పోజాలము. మమ్మీ యను మాట పారసీకమైన ‘మూమియా’ నుండి వచ్చినది. మైనమువంటి నల్లని శిలాజిగురునకు ఆ పేరు. శవములకు పూసినది అదియే యని భ్రమించి, ఐరోపా వైద్యులు కొన్ని శతాబ్దములపాటు ఈజిప్టు శవములను పొడిగొట్టి మందుగా అమ్మిరి. చచ్చినవారు బ్రదికినవారిని తినిరను కథలు మనము చెప్పుకొందుము. జరిగినది దీనికి తలక్రిందులు. ఉత్తరహిందూస్థానమున మోమియాయి యను నీ మందును పిల్లలను తలక్రిందులుగా వ్రేలాడదీసి వారి తలలనుండి దించుదురను వదంతి పుట్టి, ఊరికి క్రొత్తగా వచ్చినవారిని జనులు అనుమానించుచుండిరని విలియం క్రూక్ వ్రాసియున్నాడు. భయము వస్తువుతో ఆగదు. ఎన్నడైనను మనిషిని వెదకికొనును.

మన నిజాముల జేకబ్ వజ్రమునకును అపశకునపు పేరు కలదు. 184 కారెట్లకు పైబడిన యీ రాతిని అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అను సిమ్లా రత్నవ్యాపారి 1891లో ఆరవ నిజామునకు నలువదియారు లక్షలకు బేరము పెట్టి, ఇరువదిమూడు లక్షలు ముందుగా పుచ్చుకొనెను. బేరము చెడినది. వ్యవహారము కలకత్తా న్యాయస్థానమునకెక్కి నిజామువారు సాక్ష్యమియ్యవలసి వచ్చెను. జేకబు నిర్దోషిగా విడుదలయ్యెను గాని వర్తకము కూలిపోయినది. 1921లో బొంబాయిలో పేదవాడై చనిపోయెను. వజ్రము చివరకు నిజామునకే దక్కినది. ఆయన దానిని మరల చూడనొల్లక యొక పాదరక్ష ముందుభాగమున కుక్కి మరచెనట! తండ్రి పోయిన పిమ్మట ఉస్మాన్ అలీఖాను దానిని కనుగొని కాగితములపై బరువుగా నుంచుకొనెను. 1995లో భారతప్రభుత్వము 173 ఆభరణములను 218 కోట్లకు కొన్నప్పుడు ఇదియు వానిలో చేరినది. 2006లో సాలార్‌జంగు మ్యూజియములో ప్రదర్శించినప్పుడు మేమును వరుసలో నిలిచి చూచితిమి. మా ముందున్న పెద్దమనిషి తన కుమారునితో “మన్హూస్ పత్థర్” అని గుసగుసలాడెను. అపశకునమనగా నేమి? మధ్యవర్తుల యాశ, ప్రభువు కోపము, ఇరువదిమూడు లక్షల వ్యాజ్యము. వీనిలో దేనికిని మంత్రము అక్కరలేదు.

అన్నిటికంటె మన నేలకు దగ్గరిది వాషింగ్టనులోని హోప్ నీలవజ్రము. అది పల్నాటిసీమలో కృష్ణయొడ్డున నుండిన కొల్లూరు గనులలోనిదని శాస్త్రజ్ఞుల తలంపు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దానిని హిందూస్థానమున కొని, 1668లో పదునాలుగవ లూయీకి అమ్మెను. 1792 విప్లవమున నది దొంగిలింపబడి, లండనులో తేలి, చేతులు మారి, 1958లో హారీ విన్‌స్టన్ అను వర్తకునిచే స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు రిజిస్టరు తపాలలో పంపబడెను! తవెర్నియే సీతాదేవి విగ్రహము కన్ను పెరికి తెచ్చెననియు, ఆ పాపమున కుక్కలవాత బడి చచ్చెననియు కథ. ఆ మహానుభావుడు ఎనుబది దాటిన వయస్సున 1689లో రష్యాదేశమున కాలధర్మము నొందెను. కథను పెంచినవారు వజ్రమునమ్మిన వర్తకులును, కొనినవారి జీవితములను వ్రాసిన పత్రికలవారును. 1911లో దానిని ఒక ధనవతికి అంటగట్టిన పియర్ కార్టియే మొదట శాపకథను వినిపించి, పిదప వెల చెప్పెను.

తవెర్నియే తన యాత్రాగ్రంథమున వ్రాసిన వేరొక సంగతిని మాత్రము ఈ కథకులు తలంపరు. కొల్లూరు గనియొద్ద స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి అరువదివేలమంది పనిచేయుచుండిరని యాయన చెప్పెను. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మట్టి మోయుదురు. మరియొక గనిలో కూలివానికి ఏడాదికి మూడు వరహాలకు మించి ముట్టలేదని వ్రాసెను. దేవుని కన్ను పెరికిన కథ ప్రపంచమంతయు తెలిసినది. మట్టి మోసిన తెనుగు పిల్లల కథ తెలియదు. నేడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయమున మునిగియున్నది.

సంస్కృతమున ‘భూతము’ అను మాటకు దయ్యమను నర్థమును కలదు, గడచినది యను నర్థమును కలదు. పాఠము చెప్పునపుడు బాలురు దీనికి నవ్వుదురు. చరిత్ర బోధించు మాకు రెండవ యర్థముతోనే జీవనము.

మా యింటికి కోసెడు దూరములో, అస్మాన్‌గఢ్ మేడ ప్రక్కన గుట్టపై నొక సమాధి కలదు. ముసారాంబాగునకు పేరిచ్చిన వాడందున్నాడు. మిషేల్ జోఆకిమ్ మారీ రేమో యను ఫ్రెంచివాడు నిజాం అలీఖాను కొలువున సేనానియై, ఫిరంగులు పోతపోయించి, 1798 మార్చి 25న మరణించెను. అదే యేడు అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన సేనను నిరాయుధము గావించిరి. ఆయనను హిందువులు మూసారాముడనిరి, ముసల్మానులు మూసా రహీమనిరి. సుమారు 1940 వరకు ఆయన వర్ధంతినాడు జనులు ఊదుబత్తులు, కొబ్బరికాయలు గొనిపోవుచుండిరి. సమాధిపై నిలిపినది ఈజిప్టువారి తీరు నల్లరాతి స్తంభము. దానిపై రెండక్షరములు తప్ప బిరుదములు లేవు. పరదేశి శవము, పరదేశపు రాయి. శాపకథకు కావలసిన సామగ్రి యంతయు నున్నది. అయినను మన పెద్దలు దానిని చూచి భయపడలేదు, టెంకాయ కొట్టిరి. జనులకు ఉపకారము చేసెనన్న జ్ఞాపకమే దీనికి కారణమై యుండును. దీనిని కూడ మూఢత్వమని కొందరు మిత్రులు మాతో వాదించిరి. కావచ్చును. కాని యా మూఢత్వమువలన ఎవరి పండ్లును రాలలేదు.

ఈ మాట యూరక వ్రాయలేదు. మా చిన్ననాట మా యూర నొక విధవరాలు ఉండెను. దోసకాయలమ్మి బ్రదుకునది. ఆమె యిల్లు దాటిపోయిన మరునాడు ఒక పసివాడు జ్వరముతో చనిపోయెను. ఆమె పెరటిలో పసుపు పూసిన బొమ్మ దొరకినదని యెవరో అనిరి. బొమ్మను మేము చూచితిమి. అది పిల్లల చినిగిన గుడ్డబొమ్మ. వానకు తడిసి రంగు మారినది. బాణామతి చేసినదని నలుగురు ఆమెను పట్టి, మంత్రము పలుకకుండునట్లు రాతితో ముందుపండ్లు కొట్టిరి. మా తండ్రిగారు అడ్డు పోయిరి గాని ఆలస్యమైనది. ఆమె చావలేదు. మరి పదునెనిమిదేండ్లు బ్రదికినది. మరల దోసకాయలమ్మినది కాదు. తెలంగాణమున నిట్టి వార్తలు నేటికిని పత్రికలలో కానవచ్చుచున్నవి. మహారాష్ట్రమున దీనికి ప్రత్యేక శాసనము కోరి పోరాడిన నరేంద్ర దాభోల్కరుగారు 2013 ఆగష్టు 20న పూణేలో కాల్చి చంపబడిరి. నాలుగు దినములలో అచటి ప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేసినది. కర్ణాటకము 2017లో శాసనము చేసినది. బొమ్మకు దోషమున్నదని వినోదముకొరకు ఒప్పుకొన్నవానికి, బొమ్మ దొరకిన యింటివారికి దోషము లేదనుట కష్టము. మా విద్యార్థులతో మేము వాదించినది ఈ యొక్క విషయముననే.

మమ్మీయెదుట వారు ఫోటోలు దిగిరి. నిమ్మకాయ బాలుడే మొదట దిగినాడు. పంపజాలమన్న తల్లులలో నొకామె, పిల్లలందరు క్షేమముగా తిరిగివచ్చుట చూచి, మరుసటి ఆదివారము కూతురిని, మమ్మును వెంట రమ్మని తానే బయలుదేరినది. ఆమె దర్జీపని చేయును. కొంగు తలపై కప్పుకొని గాజుపెట్టె చుట్టు రెండుమార్లు తిరిగి, “ఇంత గుడ్డ ఎవరు చుట్టిన్రు సార్? ఎన్ని దినాలు వట్టింది?” అని యడిగెను. సోడావంటి ఉప్పులో ఆరబెట్టుట మొదలు చుట్టుట ముగియువరకు డెబ్బది దినములని చెప్పితిమి. ఆమె వంగి, ఒక పేలిక మరియొక పేలిక మీదికి ఎక్కిన చోటును చాలసేపు చూచి, “పని మంచిగ చేసిన్రు” అనెను.