పేర్ల వెనుక పాట

సినిమా ముగియగానే లేచిపోవడం మనలో చాలామందికి అలవాటు. తెరమీద ఇంకా పేర్లు సాగుతూనే ఉంటాయి. వాటి వెనుక ఏదో పాట మోగుతూ ఉంటుంది. ఆ పేర్లు శ్రామికులవి. ఆ పాట మార్కెట్లో అమ్ముడుపోయే సరుకు. ఈ రెండూ ఒకచోటికి ఎలా చేరాయన్న ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కాని కళకూ శ్రమకూ గల సంబంధం ఇందులో ఇమిడి ఉందని నా అభిప్రాయం.

పాత హాలీవుడ్ చిత్రాల్లో పేర్లు మొదట్లోనే వచ్చేవి. చివర మన చిత్రాల్లో ‘శుభం’ పడినట్టే ‘ది ఎండ్’ పడేది. ఆ మొదటి పట్టికలో తారలకూ, ఆయా శాఖల పెద్దలకే చోటు. వడ్రంగికీ, దీపాలు పట్టేవాడికీ లేదు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పువల్ల పెద్ద స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది. టెలివిజన్ పోటీ దానికి తోడైంది. స్టూడియోల్లో స్థిరమైన కొలువులు సన్నగిల్లాయి. చిత్రం చిత్రానికీ కొత్తగా పని వెతుక్కునే మనిషికి తెరమీది పేరు కీర్తి మాత్రమే కాదు, రేపటి పనికి యోగ్యతాపత్రం కూడా. ఈ అవసరం వల్లా, కార్మిక సంఘాల బేరసారాల వల్లా పట్టిక క్రమంగా పొడుగై, చిత్రం చివరికి జరిగింది. ఆ నిమిషాలను నింపడానికి సంగీతం కావలసి వచ్చింది.

రాక్ పాట అంతకుముందే ఆ వాకిట్లో నిలబడి ఉంది. రిచర్డ్ బ్రూక్స్ తీసిన ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ (1955) న్యూయార్క్ వృత్తివిద్యా పాఠశాలలో పనిచేసే ఒక ఉపాధ్యాయుడి కథ. బిల్ హేలీ బృందం పాడిన ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ మొదటి పేర్లమీద వినిపిస్తుంది. చివర మళ్ళీ వినిపిస్తుంది. 1954లో విడుదలైనప్పుడు అంతగా ఆకట్టుకోని ఆ రికార్డు, చిత్రం వచ్చాక 1955 జులైలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. కథలో ఉపాధ్యాయుడు గెలుస్తాడు, తరగతి సద్దుమణుగుతుంది. చివరి పాట మాత్రం ఏదీ సద్దుమణగలేదంటుంది. నల్లజాతి ప్రజల రిథం అండ్ బ్లూస్ నుంచి వచ్చిన లయ, శ్వేతజాతి బృందం గొంతులో యువతరం అసంతృప్తిని పలికింది. ఆ క్షణమే ఆ అసంతృప్తికి ధర కూడా పలికింది.

జార్జ్ లూకాస్ తీసిన ‘అమెరికన్ గ్రాఫిటీ’ (1973) 1962 వేసవి చివర ఒక రాత్రి జరిగిన కథ. ముగింపులో నలుగురు యువకుల భవిష్యత్తు అక్షరాల్లో కనిపిస్తుంది: ఒకడు 1964లో తాగి కారు నడిపినవాడి చేతిలో చనిపోయాడు, మరొకడు 1965లో వియత్నాంలో గల్లంతయ్యాడు. ఆ వెంటనే బీచ్ బాయ్స్ ఉల్లాసగీతం ‘ఆల్ సమ్మర్ లాంగ్’ మొదలవుతుంది. అది 1964 నాటి పాట, అంటే కథాకాలానికి ఇంకా పుట్టనిది. దీన్ని నేను పొరపాటనను. వేసవి ఉల్లాసం పక్కనే రాబోయే యుద్ధం నిలబడింది. అయితే భవిష్యత్తు దక్కిన నలుగురూ మగవాళ్ళే. ఆ రాత్రి వారితో తిరిగిన ఆడపిల్లల గురించి ఒక్క వాక్యమైనా లేదు. ఆ లోటును పాట తియ్యగా కప్పేస్తుంది.

‘ది మేట్రిక్స్’ (1999) చివర రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ బృందం 1992లో విడుదల చేసిన ‘వేక్ అప్’ మోగుతుంది. మార్టిన్ లూథర్ కింగ్, మాల్కం ఎక్స్ వంటి నాయకులపై అమెరికా ప్రభుత్వం సాగించిన వేటను ఖండించే పాట అది. చిత్రం ఒక మహాకంపెనీది, రికార్డు మరో మహాకంపెనీది. దీన్ని ఉద్యమ విజయమనేవారున్నారు, ఉద్యమాన్ని అమ్ముకోవడమనేవారున్నారు. రెండూ అర్ధసత్యాలే. లాభం కంపెనీలకు పోయిన మాట నిజం. యంత్రాల చెర అనే కల్పితకథకు చరిత్రలోని మనుషులను జోడించింది ఆ పాటేనన్నదీ నిజం.

టెలివిజన్‌లో ఈ వైరుధ్యం మరింత నగ్నంగా కనిపిస్తుంది. 1994లో ఎన్‌బీసీ సంస్థ పేర్లను తెరలో ఒక పక్కకు నొక్కి, మిగిలిన చోటును తన ప్రచారానికి వాడుకుంది. నేటి స్ట్రీమింగ్ కంపెనీలు పేర్లు పూర్తికాకుండానే తర్వాతి భాగాన్ని తామే మొదలుపెడతాయి. పేరూ పోయె, పాటా పోయె! శ్రామికుడు సంపాదించుకున్న నిమిషాలను పెట్టుబడి మొదట పాటతో అలంకరించింది. అంతకన్నా లాభం కనిపించగానే వెనక్కు లాక్కుంది.

చందాలతో నడిచే హెచ్‌బీఓలో ‘ది సోప్రానోస్’ (1999–2007) భాగాలు ఎక్కువగా ఏదో ఒక పాటతో ముగిసేవి. 2007 జూన్ 10న వచ్చిన ఆఖరి భాగంలో జర్నీ బృందం పాడిన ‘డోంట్ స్టాప్ బిలీవిన్’ నడిమధ్యలో తెగిపోయింది. తెర నల్లబడింది. పేర్లు నిశ్శబ్దంగా సాగాయి. నిజం చెప్పాలంటే, ఆ ధారావాహికకు పనిచేసిన వారి పేర్లను నేను శ్రద్ధగా చదివింది అప్పుడే.

అంతమాత్రాన పాట వద్దని నేననను. చిత్రాలను తరగతిలో చూపే ఉపాధ్యాయ మిత్రులు దీపాలు వేయడానికి తొందరపడవద్దనే నా మనవి. ఆ పాట ఎవరిది, దాని డబ్బు ఎవరికి చేరింది, అది మోగుతుండగా ఎవరి పేర్లు దాటిపోతున్నాయి అన్నది విద్యార్థులతో కలిసి చివరిదాకా కూర్చుని చూడాలి.