మందు మన దగ్గరే తయారైంది

పటాన్‌చెరు మండలంలోని కర్దనూర్ లాంటి ఊళ్లలో "వీడు అద్దం ముందు నుంచి లేవడు" అని తల్లులు విసుక్కోవడం మామూలే. ఆ అద్దం వెనక ఒక్కోసారి జబ్బు ఉంటుందని మాత్రం ఎవరికీ తోచదు. ముక్కు వంకరనో, ముఖం నిండా మచ్చలనో, జుట్టు పలచబడిందనో ఒకటే రంది. ఆ లోపం ఎదుటివాళ్లకు కనబడదు, కనబడినా పట్టించుకోనంత చిన్నది. అయినా రోజూ గంటల తరబడి మనసును తినేస్తుంది. పెళ్లికి పోడు, ఫొటో దిగడు, షిఫ్టుకు పోవాలన్నా బుగులే. డాక్టర్లు దీన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అంటారు. నూటికి సుమారు ఇద్దరికి ఉంటుందని పలు దేశాల సర్వేలు చెబుతున్నాయి.

ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లోనే ఈ రోగుల గురించి రాశాడు. మాట్లాడుతూనో, చదువుకుంటూనో, భోజనం దగ్గరో ఉన్నట్టుండి తమ రూపం చెడిపోయిందన్న భయం వాళ్లను కమ్మేస్తుందన్నాడు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అమెరికా మనోవైద్యుల గ్రంథం 1987లో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. 2013లో ఓసీడీ (ఆలోచనలు, పనులు పదే పదే పట్టి పీడించే జబ్బు) వర్గంలో చేర్చింది. ఈ చివరి మార్పు నా దృష్టిలో చాలా ముఖ్యం. భయం పుడుతుంది, అద్దం చూసుకుంటే కాసేపు తగ్గుతుంది, మళ్లీ రెట్టింపై వస్తుంది. ఈ చక్రం అర్థమయ్యాకే చికిత్సకు ఒక దారి ఏర్పడింది.

మన వైపు కథ వేరు. పిచ్చాసుపత్రి జాల్నా నుంచి 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. పటాన్‌చెరు నుంచి నగరానికి పోయే బొంబాయి రోడ్డు మీదే ఉంది. కానీ "ఎర్రగడ్డకు పంపాలె" అన్న మాట తిట్టుగా మారింది, ఆ తిట్టుకు భయపడి గడప దాటనివాళ్లు ఎందరో! మరోవైపు 1975లో తెల్లదనం క్రీము ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. ఆ పేరులోంచి 'ఫెయిర్' పోవడానికి 2020 దాకా పట్టింది. క్రీములు ఈ జబ్బు తెచ్చాయని నేననను. వంశపారంపర్యం, స్వభావం, చిన్నప్పటి వెక్కిరింతలు అన్నీ కలుస్తాయి. అయితే సమాజం దేన్ని లోపమంటుందో, చాలాసార్లు జబ్బు దాన్నే పట్టుకుంటుంది.

ఈలోగా పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు పెరిగాయి. బొల్లారంలో ప్లాంట్లున్న డాక్టర్ రెడ్డీస్‌ను అంజిరెడ్డి 1984లో స్థాపించాడు. ఆ కంపెనీ 2001 ఆగస్టులో కుంగుబాటు మందు ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జెనెరిక్‌ను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. మరుసటి ఏడాది అమెరికా మనోవైద్యురాలు క్యాథరిన్ ఫిలిప్స్ బృందం 67 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. ఈ జబ్బులో అదే ఫ్లూయాక్సెటిన్ తీసుకున్నవాళ్లలో 53 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 18 శాతం మందికి మేలు కనిపించింది.

మరి ఈ ఫ్యాక్టరీల మురుగు మాటేమిటి? 2007లో స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో ఏ మందులున్నాయో ప్రకటించింది. అందరికీ యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ గుర్తుండిపోయింది. ఆ జాబితాలో సిటలోప్రామ్ కూడా ఉంది. అదీ ఫ్లూయాక్సెటిన్ కోవకు చెందినదే. ఏ మాత్ర అడగడానికి మన పిల్లలు సిగ్గుపడ్డారో, ఆ కోవ మందు మన నీళ్లలో కలిసింది. ఇది తలచుకుంటే నాకు కోపం ఆగదు.

మాత్ర ఒక్కటే సరిపోదు. కౌన్సెలింగ్‌లో అద్దం చూసుకునే సమయాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు. టోపీ లేకుండా కిరాణా కొట్టుకు పంపిస్తారు. "బాగానే ఉన్ననా?" అని పదే పదే అడగడం మాన్పిస్తారు, ప్రతిసారీ "బాగున్నవ్ బిడ్డా" అనడం మానమని ఇంట్లోవాళ్లకూ నేర్పుతారు. ప్రేమతో చెప్పే ఆ మాటే చక్రాన్ని తిప్పుతుందని తెలిసినప్పుడు తల్లులకు కష్టంగా ఉంటుంది. మందు పనిచేయడానికి పన్నెండు వారాలైనా పట్టవచ్చు, రెండో వారంలోనే మానేసేవాళ్లు నష్టపోతారు. చర్మానికీ జుట్టుకూ చేయించుకునే చికిత్సలు చాలామందికి తృప్తినివ్వవు. ఒక లోపం పోతే మనసు ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. చనిపోవాలన్న ఆలోచనలు ఈ జబ్బులో ఎక్కువ, కాబట్టి ఇది సోకు అని కొట్టిపారేయకూడదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. 2022లో టెలీమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. అదే ఏడాది సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఈఎస్ఐ కార్డున్న కార్మికుడికి ఈఎస్ఐ ఆసుపత్రి దారీ ఉంది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడికి చాలాసార్లు ఆ కార్డే ఉండదు. వారం వారం కౌన్సెలింగ్‌కు పోతే ఆ రోజు కూలి పోతుంది.