లగ్జరీ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు: బ్రోచర్‌లో 663 కి.మీ... హైవేపై 420? రూ.50-70 లక్షల్లో ఏది ఎవరికి బెస్ట్?

లగ్జరీ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనాలనుకునేవారికి ఇప్పుడు ఆప్షన్లకు కొదవలేదు. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్, కియా, బీవైడీ, టెస్లా... అన్నీ రూ.50 లక్షల నుంచి రూ.70 లక్షల మధ్యే పోటీ పడుతున్నాయి. ఫీచర్ల లిస్ట్ చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పెద్ద స్క్రీన్లు, గ్లాస్ రూఫ్, ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్ ఏ కారులో అయినా ఉంటాయి. అసలు తేడా మూడు చోట్ల ఉంది. ఒక్క ఛార్జ్‌తో నిజంగా ఎంత దూరం వెళ్తుంది? హైవే మీద ఛార్జింగ్‌కు ఎంతసేపు ఆగాలి? కారు మన దేశంలో తయారైందా, దిగుమతి అయిందా? ఈ మూడు లెక్కలు వేసుకోకుండా షోరూమ్‌కు వెళ్తే బ్రోచర్‌లోని నంబర్ చూసి మోసపోయే ఛాన్స్ ఉంది.

ఐదు కార్లు.. ఒక్క చూపులో

కింద ఇచ్చినవన్నీ విడుదల సమయంలో కంపెనీలు ప్రకటించిన ఎక్స్-షోరూమ్ ధరలు, అవి చెప్పిన రేంజ్ లెక్కలు.

బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్: 2025 జనవరిలో రూ.49 లక్షలకు వచ్చింది. బ్యాటరీ 66.4 యూనిట్లు. 204 హార్స్‌పవర్. 0 నుంచి 100 కి.మీ. వేగానికి 8.6 సెకన్లు. రేంజ్ 531 కి.మీ.

బీవైడీ సీలయన్ 7: 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. ప్రీమియం వేరియంట్ రూ.48.90 లక్షలు, పర్ఫార్మెన్స్ వేరియంట్ రూ.54.90 లక్షలు. రెండింటికీ 82.56 యూనిట్ల బ్యాటరీయే. 100 కి.మీ. వేగానికి ప్రీమియం 6.7 సెకన్లు, పర్ఫార్మెన్స్ 4.5 సెకన్లు తీసుకుంటాయి. రేంజ్ 567, 542 కి.మీ.

టెస్లా మోడల్ వై: 2025 జులైలో ముంబై షోరూమ్‌తో ఇండియాలో అడుగుపెట్టింది. రియర్ వీల్ డ్రైవ్ వేరియంట్ రూ.59.89 లక్షలు, లాంగ్ రేంజ్ రూ.67.89 లక్షలు. 100 కి.మీ. వేగానికి 5.9, 5.6 సెకన్లు. రేంజ్ 500, 622 కి.మీ.

కియా ఈవీ6: కొత్త వెర్షన్ 2025 మార్చిలో రూ.65.90 లక్షలకు వచ్చింది. బ్యాటరీ 84 యూనిట్లు. నాలుగు చక్రాలకూ పవర్ అందుతుంది. 100 కి.మీ. వేగానికి 5.3 సెకన్లు. రేంజ్ 663 కి.మీ.

మెర్సిడెస్ ఈక్యూఏ 250 ప్లస్: 2024 జులైలో రూ.66 లక్షలకు విడుదలైంది. బ్యాటరీ 70.5 యూనిట్లు. 190 హార్స్‌పవర్. 100 కి.మీ. వేగానికి 8.6 సెకన్లు. రేంజ్ 560 కి.మీ.

ఇక్కడ యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్ కూడా ఇదే.

రేంజ్ నంబర్లను నేరుగా పోల్చొద్దు.. ఎందుకంటే?

పై లిస్ట్ చూడగానే కియా ఈవీ6 అన్నింటికంటే దూరం వెళ్తుందని, టెస్లా బేస్ వేరియంట్ అందరికంటే వెనకబడిందని అనిపిస్తుంది. కానీ ఈ నంబర్లన్నీ ఒకే పరీక్షలో వచ్చినవి కావు.

బీఎండబ్ల్యూ, కియా చెప్పేది ఇండియన్ టెస్ట్ ప్రకారం వచ్చిన రేంజ్. దీన్ని ఎంఐడీసీ అంటారు. ఈ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కి.మీ. మాత్రమే. బీవైడీ చెప్పేది ఎన్ఈడీసీ అనే పాత యూరోపియన్ టెస్ట్ లెక్క. నిజమైన డ్రైవింగ్‌కు దగ్గరగా లేదని యూరప్ ఈ టెస్ట్‌ను పక్కన పెట్టేసింది. దాని స్థానంలో 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అమల్లోకి వచ్చింది. టెస్లా, మెర్సిడెస్ చెప్పే నంబర్లు ఈ కొత్త టెస్ట్‌వే. ఇందులో వేగం 131 కి.మీ. వరకు వెళ్తుంది కాబట్టి రేంజ్ తక్కువ చూపిస్తుంది. అంటే టెస్లా చెప్పే 500 కఠినమైన పరీక్షలో వచ్చింది. కియా చెప్పే 663 కాస్త సులువైన పరీక్షలో వచ్చింది.

మరి పోల్చేదెలా? దీనికి ఒక సింపుల్ లెక్క ఉంది. ఈ సైజ్ కారు ఏసీ వేసుకుని హైవేపై 90-100 కి.మీ. వేగంతో వెళ్తే ఒక్క యూనిట్‌కు దాదాపు 5 కి.మీ. వస్తుందనుకోవచ్చు. బ్యాటరీ సైజ్‌ను ఐదుతో గుణిస్తే చాలు. ఇలా చూస్తే ఐఎక్స్1కు సుమారు 330 కి.మీ., ఈక్యూఏకు 350, సీలయన్ 7కు 410, ఈవీ6కు 420 వస్తాయి. టెస్లా ప్రకటించిన రేంజ్‌లో ముప్పావు వంతు తీసుకుంటే బేస్ వేరియంట్‌కు 375, లాంగ్ రేంజ్‌కు 465 కి.మీ. దగ్గర ఉంటుంది. ఇవి అంచనాలే. డ్రైవింగ్ స్టైల్, ఎండ, లోడ్‌ను బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ ఐదు కార్లనూ ఒకే త్రాసులో పెట్టి చూడటానికి ఇది పనికొస్తుంది. సిటీలో నెమ్మదిగా నడిపితే ఇంతకంటే ఎక్కువే వస్తుంది.

హైదరాబాద్ నుంచి తిరుపతి వెళ్తే..

ఈ లెక్కను మన రోడ్ల మీద పెట్టి చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కి.మీ. ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరి, చివర్లో 10 శాతం మిగిలేలా చూసుకున్నా ఐదు కార్లూ మధ్యలో ఆగకుండా చేరుకుంటాయి. ఐఎక్స్1కు ఇలా 300 కి.మీ. దాకా వస్తుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం విజయవాడలో ఛార్జింగ్ తప్పదు.

తిరుపతి సంగతి వేరు. దూరం సుమారు 560 కి.మీ. ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరి, మధ్యలో ఒక్కసారి 10 నుంచి 80 శాతం వరకు ఛార్జ్ చేస్తే ఈవీ6, సీలయన్ 7 సుమారు 660-670 కి.మీ. వెళ్తాయి. టెస్లా బేస్ వేరియంట్ 600, లాంగ్ రేంజ్ 740 కి.మీ. దాటి వెళ్లగలవు. ఇవన్నీ ఒక్క స్టాప్‌తో పని కానిచ్చేస్తాయి. ఈక్యూఏకు లెక్క సరిగ్గా 560 దగ్గరే ఆగుతుంది. టెన్షన్ పడుతూ వెళ్లాలి. ఐఎక్స్1కు 530 మాత్రమే. అంటే ఇంకోసారి ఆగాలి, లేదా మొదటి స్టాప్‌లోనే ఎక్కువసేపు ఛార్జ్ పెట్టాలి. ఏడాదికి నాలుగైదు సార్లు కుటుంబంతో ఇలాంటి ప్రయాణాలు చేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

18 నిమిషాల్లో ఛార్జింగ్.. అన్ని చోట్లా కాదు

ఈవీ6 బ్యాటరీ 18 నిమిషాల్లో 10 నుంచి 80 శాతానికి చేరుతుందని కియా చెబుతోంది. ఇది నిజమే. కానీ దానికి 350 కిలోవాట్ల ఛార్జర్ కావాలి. ఐఎక్స్1 130 కిలోవాట్ల వరకు తీసుకుని 29 నిమిషాల్లో, ఈక్యూఏ 100 కిలోవాట్లతో 35 నిమిషాల్లో అదే స్థాయికి చేరతాయి. టెస్లా సొంత సూపర్‌ఛార్జర్ దగ్గర 15 నిమిషాల్లో బేస్ వేరియంట్‌కు 238 కి.మీ., లాంగ్ రేంజ్‌కు 267 కి.మీ. రేంజ్ ఎక్కుతుందని ఆ కంపెనీ అంటోంది.

మన హైవేల పక్కన ఎక్కువగా కనిపించేవి 30, 60 కిలోవాట్ల ఛార్జర్లే. 60 కిలోవాట్ల గన్ పెడితే ఈవీ6కు 70 శాతం ఎక్కడానికి దాదాపు గంట పడుతుంది. ఐఎక్స్1కు 50 నిమిషాల వరకు పడుతుంది. అంటే ఆ ఛార్జర్ దగ్గర కార్ల మధ్య తేడా ఉండదు. ఎవరికైనా గంటకు గరిష్ఠంగా 60 యూనిట్లే ఎక్కుతాయి. తరచూ వెళ్లే రూట్‌లో ఎంత కెపాసిటీ ఛార్జర్లు ఉన్నాయో ముందే యాప్‌లో చూసుకోవాలి. అవి లేకపోతే స్పీడ్ ఛార్జింగ్ ఫీచర్ కోసం అదనంగా డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఇంట్లో ఛార్జింగ్ మరో ముఖ్యమైన విషయం. 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్‌తో ఈవీ6 ఫుల్ కావడానికి 11 గంటలకు పైనే పడుతుంది. 11 కిలోవాట్ల బాక్స్ అయితే త్వరగా అవుతుంది కానీ త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు కారు బుక్ చేయకముందే అసోసియేషన్‌తో మాట్లాడుకోవాలి. పార్కింగ్‌లో లైన్ లాగడానికి ఒప్పుకోకపోతే ప్రతిసారీ పబ్లిక్ ఛార్జర్ మీదే ఆధారపడాల్సి వస్తుంది.

ఖర్చు లెక్క కూడా ఇక్కడే మారుతుంది. ఇంట్లో యూనిట్ రూ.10 అనుకుంటే కిలోమీటర్‌కు రూ.2 పడుతుంది. బయట రూ.25 అనుకుంటే రూ.5 అవుతుంది. లీటర్ పెట్రోల్ రూ.107 లెక్కన, 10 కి.మీ. మైలేజ్ ఇచ్చే లగ్జరీ ఎస్‌యూవీకి కిలోమీటర్‌కు రూ.10.70 ఖర్చవుతుంది.

ధరలో తేడా ఎక్కడ వస్తోంది?

ఐదు కార్లలో ఇండియాలో తయారవుతున్నది ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ ఒక్కటే. బీఎండబ్ల్యూ దీన్ని చెన్నై ప్లాంట్‌లో తయారు చేస్తోంది. మిగతా నాలుగూ పూర్తిగా తయారై దిగుమతి అవుతున్నవే. ఇలాంటి కార్లపై 2025 బడ్జెట్ తర్వాతి లెక్క ప్రకారం విలువను బట్టి దాదాపు 70 నుంచి 110 శాతం వరకు సుంకం పడుతుంది. ఐఎక్స్1 మొదట 2023 సెప్టెంబర్‌లో దిగుమతి కారుగా వచ్చినప్పుడు ధర రూ.66.90 లక్షలు. అందులో మోటార్లు రెండు, పవర్ కూడా ఎక్కువ. చెన్నైలో తయారైన కారులో ఒకే మోటార్ ఉంది. కానీ వెనక సీట్లో కాళ్లకు చోటు పెరిగింది, ధర దాదాపు రూ.18 లక్షలు తగ్గింది.

రూ.కోటి దాటిన కార్లలోనూ ఇదే కథ. మెర్సిడెస్ ఈక్యూఎస్ ఎస్‌యూవీని పుణె దగ్గర చకన్‌లో అసెంబుల్ చేస్తున్నారు. 122 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఈక్యూఎస్ ఎస్‌యూవీ 450 రూ.1.28 కోట్లకు వచ్చింది. దిగుమతి అయ్యే కియా ఈవీ9 బ్యాటరీ 99.8 యూనిట్లే, ధర మాత్రం రూ.1.30 కోట్లు.

రూ.50-70 లక్షల కార్లలో ఒక్కో యూనిట్ బ్యాటరీకి ఎంత పెడుతున్నామో చూస్తే వాల్యూ అర్థమవుతుంది. సీలయన్ 7 ప్రీమియంలో యూనిట్‌కు సుమారు రూ.59 వేలు, ఐఎక్స్1లో రూ.74 వేలు, ఈవీ6లో రూ.78 వేలు, ఈక్యూఏలో దాదాపు రూ.94 వేలు పడుతోంది. కారు అంటే బ్యాటరీ ఒక్కటే కాదు నిజమే. కానీ ఈవీలో ఖరీదైన పార్ట్ అదే.

ట్యాక్స్ విషయంలో ఈవీలకు పెద్ద ఊరట ఉంది. ఈవీలపై జీఎస్టీ 5 శాతమే. పెద్ద పెట్రోల్, డీజిల్ లగ్జరీ ఎస్‌యూవీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం పడుతోంది. తెలంగాణలో రిజిస్టర్ అయ్యే ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు నుంచి 2026 డిసెంబర్ 31 వరకు పూర్తి మినహాయింపు ప్రకటించారు. రూ.60 లక్షల కారుపై ఇది లక్షల్లో మిగులు. ఏపీలో కొనేవారు బుకింగ్‌కు ముందు తమ ఆర్టీఏ ఆఫీస్‌లో నిబంధనలు కనుక్కోవడం మంచిది.

ఫీచర్లలో ఎవరి ప్రత్యేకత వారిదే

ఐఎక్స్1కు 2,800 ఎంఎం వీల్‌బేస్, వెనక్కి వాలే వెనక సీటు, హార్మన్ కార్డన్ మ్యూజిక్ సిస్టమ్ ప్లస్ పాయింట్లు. సీలయన్ 7లో 15.6 అంగుళాల తిరిగే స్క్రీన్, 11 ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయి. యూరో ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో 5 స్టార్ రేటింగ్ వచ్చింది. ఈవీ6లో రెండు 12.3 అంగుళాల స్క్రీన్లు, 14 స్పీకర్ల మెరీడియన్ సిస్టమ్ ఉన్నాయి. ఈవీ6, సీలయన్ 7 బ్యాటరీ నుంచి బయటి పరికరాలకు కరెంట్ తీసుకోవచ్చు. ఈక్యూఏలో బర్మెస్టర్ సౌండ్, హెడప్ డిస్‌ప్లే ఇస్తున్నారు.

మోడల్ వైలో డ్రైవర్ ముందు మీటర్ ఉండదు. అన్నీ 15.4 అంగుళాల సెంటర్ స్క్రీన్‌లోనే కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ కార్‌ప్లే లేవు. ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ ప్యాకేజీకి అదనంగా రూ.6 లక్షలు అని ప్రకటించారు. పేరు అలా ఉన్నా డ్రైవర్ ఎప్పుడూ రోడ్డు మీద దృష్టి పెట్టాల్సిందే.

ఎవరికి ఏది?

- డ్రైవర్‌ను పెట్టుకుని, ఎక్కువగా సిటీలో వెనక సీట్లో తిరిగేవారికి ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్.
- తక్కువ డబ్బులో పెద్ద బ్యాటరీ, తరచూ హైవే ప్రయాణాలు కావాలంటే సీలయన్ 7 ప్రీమియం.
- తామే స్టీరింగ్ పట్టి వేగాన్ని ఎంజాయ్ చేసేవారికి ఈవీ6.
- ఒక్క ఛార్జ్‌తో ఎక్కువ దూరం, టెక్నాలజీ ముఖ్యం అనుకుంటే మోడల్ వై లాంగ్ రేంజ్. సొంత ఊరికి సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందో మాత్రం చూసుకోవాలి.
- బ్రాండ్, ఇంటీరియర్ ఫినిషింగే మొదటి ప్రాధాన్యం అయితే ఈక్యూఏ. పెట్టే డబ్బుకు బ్యాటరీ, పవర్ తక్కువని తెలిసే కొనాలి.

షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్నలు

చెబుతున్న రేంజ్ ఏ టెస్ట్ ప్రకారం? బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, బ్యాటరీ కెపాసిటీ ఎంత శాతం కంటే తగ్గితే వర్తిస్తుంది? వాల్ బాక్స్, ఇన్‌స్టలేషన్ ధరలో కలిసే ఉన్నాయా? ఇన్సూరెన్స్‌లో బ్యాటరీకి, వాన నీరు చేరి జరిగే నష్టానికి కవర్ ఉందా? దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడ? బై బ్యాక్ ఆఫర్ ఉంటే రాతపూర్వకంగా ఇస్తారా?

చివరిగా టెస్ట్ డ్రైవ్‌ను కాలనీ చుట్టూ పది నిమిషాలతో సరిపెట్టుకోవద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 కి.మీ. వేగంతో, ఏసీ వేసి, కనీసం 50 కి.మీ. నడపాలి. ఎన్ని శాతం బ్యాటరీ తగ్గిందో రాసుకుంటే, ఆ కారు అసలు రేంజ్ ఎంతో అక్కడే తేలిపోతుంది.