లెక్కకు రాని పొడి: గద్వాల మగ్గాలు, పాలమూరు కళ్లు

పాలమూరు ప్రాంతపు కంటిజబ్బుల చరిత్ర చాలావరకు గుడ్డితనపు చరిత్రగానే నమోదైంది. రేచీకటి, శుక్లం వంటివి మనిషి చూపును ఎంత మేరకు హరిస్తాయో కొలవడం వీలవుతుంది కనుక వాటికి సర్వేలు, పథకాలు, ఆస్పత్రులు వచ్చాయి. చూపును పూర్తిగా పోగొట్టకుండా పూటపూటకూ మార్చేస్తూ పనికి అడ్డం పడే కంటి పొడిదనానికి మాత్రం ఆ లెక్కల్లో చోటు దక్కలేదు. 2016 అక్టోబరు 11న, పాలమూరుగా పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో కంటి పొడిదనానికి రెండు పాత మూలాలున్నాయి. ఒకటి తిండి కొరత, రెండోది మగ్గం.

తిండి కొరత వల్ల వచ్చేది ఎ విటమిన్ లోపపు జబ్బు. పాలు, గుడ్లు, ఆకుకూరలు అందని పిల్లలకు మొదట మునిమాపువేళ చూపు ఆనదు. తర్వాత కంటి తెల్లభాగాన్ని కప్పిన పలుచటి పొరలో జిగురు తయారుచేసే కణాలు నశించి, ఆ పొర మెరుపు కోల్పోయి, నురగ అంటినట్టుండే మచ్చలు పడతాయి. 1863లో వాటిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద వాటిని బీటో మచ్చలంటారు. అక్కడితో ఆగకపోతే నల్లగుడ్డు మీది పారదర్శక పటలం మెత్తబడి కరిగిపోతుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయం ఈ లోపంపై చేసిన కృషి ఆధారంగా 1970లో దేశమంతటా చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి ఎ విటమిన్ ద్రావణం తాగించే కార్యక్రమం మొదలైంది. వానలు తరచు ముఖం చాటేసే పాలమూరు వంటి ప్రాంతాలకు అది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఆకలి తెచ్చిన పొడి గుడ్డివాళ్లను చేసింది గనుకనే ప్రభుత్వం కంటపడింది.

మగ్గం తెచ్చిన పొడి అలా కంటపడేది కాదు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్నందున నడిగడ్డ అని పిలిచే గద్వాల సీమలో పాలకుడు సోమనాద్రి కట్టించిన కోట నీడన పెరిగిన సంస్థానం పండితులను పోషించినట్టే నేతగాళ్లనూ ఆదరించింది. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ కాలం దాకా ఆ ఆదరణ సాగిందని చెబుతారు. నేతగాళ్లను కాశీకి పంపి జరీపని నేర్పించారన్న మాట ఇప్పటికీ జనశ్రుతిలో ఉంది. తుంగభద్ర ఒడ్డునున్న రాజోలి, వనపర్తి వైపు అమరచింత, కొత్తకోట కూడా నేతకు పేరుపడ్డ ఊళ్లే.

గద్వాల చీర విశేషం ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు వాడడంలో ఉంది. రెండు రకాల పోగుల్ని ఒకే బట్టగా కలిపే పద్ధతిని కుప్పడం అంటారు. పడుగు, అంటే నిలువు పోగుల వరుస, మధ్యలో నూలుగా, రెండు పక్కలా పట్టుగా మగ్గం మీదికి ఎక్కుతుంది. పేక, అంటే అడ్డంగా నడిచే పోగు, ఒడలికి ఒక నాడె (పేకను అటూ ఇటూ నడిపే సాధనం) నుంచి, అంచులకు చెరొక నాడె నుంచి వస్తుంది. ఒడలి పేక అంచు దగ్గరికి చేరిన ప్రతిసారీ దాన్ని అంచు పేకతో మెలివేసి వెనక్కి తిప్పాలి. ఒక్క మెలిక తప్పినా అక్కడ సన్నని చీలిక ఏర్పడి, చీరను వెలుగుకెత్తి పట్టినప్పుడు దొంగతనం దొరికినట్టు బయటపడుతుంది. అంగుళం బట్టలో పదుల సంఖ్యలో వచ్చే ఈ మెలికలను రెండు పక్కలా కనిపెట్టుకుని కూర్చోవాలంటే చూపు క్షణం కూడా పక్కకు పోకూడదు. అంతకు ముందు, చీర దిగిన పడుగు చివర్లకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతికే పని ఉంటుంది. వేల పోగుల మీద సాగే ఆ పనీ, కండెలు చుట్టే పనీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లవే.

కంటి మీది నీటిపొర ఎంత పలుచనిదైనా వట్టి నీరు కాదు. రెప్పల అంచుల్లోని గ్రంథుల నుంచి ఊరే నూనె పైన ఉండి, నీటిని ఆవిరి కాకుండా ఆపుతుంది. అడుగున జిగురు ఆ నీటిని కంటికి అంటి ఉండేలా పట్టి ఉంచుతుంది. రెప్ప వాల్చిన ప్రతిసారీ ఈ పొర కొత్తగా పరుచుకుంటుంది, వాల్చకపోతే కొన్ని క్షణాల్లో చిట్లుతుంది. 1993లో జపాను వైద్యులు ప్రకటించిన కొలతల ప్రకారం తీరికగా ఉన్నప్పుడు నిమిషానికి దాదాపు 22 సార్లు వాలే రెప్ప, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లకు, కంప్యూటరు తెర ముందు 7 సార్లకు పడిపోతుంది. కుప్పడం మెలిక మీద చూపు నిలిపిన నేతగాడి రెప్ప తెర ముందు కూర్చున్నవాడి రెప్పకంటే చురుగ్గా వాలుతుందనుకోవడానికి ఆధారం లేదు. పడుగు తెగకుండా తేమ నిలవాలని మగ్గాన్ని గుంటలో దించి నూలుకు చెమ్మ సమకూర్చిన వృత్తి, పైన వేసవి గాలికి కన్ను ఆరిపోవడాన్ని మాత్రం పట్టించుకోలేదు.

పొర చిట్లినచోట వెలుగు చెదురుతుంది. కంటిలోకి వచ్చే వెలుగు మొదట వంగేది ఆ నీటిపొర మీదే కనుక, అది ఎగుడుదిగుడైతే లోపల ఎంత మంచి చూపున్నా బొమ్మ మసకబారుతుంది; రెప్ప వాల్చగానే మళ్లీ తేటపడుతుంది. మంట, ఇసుక పోసినట్టు గరగర, సాయంత్రానికి చూపు ఆనకపోవడం దీని గుర్తులు. విచిత్రమేమిటంటే, పొడి రేపిన మంటకు కన్ను ఒక్కసారిగా నీరు కార్చడమూ ఉంటుంది; కారే నీటిని చూసి కన్ను ఎండిందని ఎవరూ అనుకోరు. నడివయసులో దగ్గరి చూపు తగ్గే చత్వారమూ ఈ కష్టమూ ఒకే కాలంలో ముదురుతాయి గనుక రెండూ ఒకటే పద్దులో పడ్డాయి. రెండు పోగుల్ని కలిపే చోటు కనబడకపోతే కళ్లజోడు పెట్టుకొమ్మనేవారు, కుదరకపోతే అంచులేని చీరకు మారమనేవారు. చీరకింత అని కూలి కట్టే పద్ధతిలో రెప్పకు విశ్రాంతి ఇచ్చిన సమయమూ నష్టమే.

ఇంటి వైద్యం మాత్రం ఈ బాధను గుర్తించినట్టే ఉంది. మండే కళ్ల మీద నందివర్ధనం పూలు పెట్టుకోవడం, ఆముదం చుక్క వేయడం తెలుగు ఇళ్లలో పాత అలవాట్లు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం చెప్పిన 76 నేత్రరోగాల్లో శుష్కాక్షిపాకం, అంటే ఎండి మండే కన్ను, ఒకటి. ఆముదం పంటకు పేరుపొందిన పాలమూరు గురించి రాస్తూ ఒక విషయం విడిచిపెట్టలేం: కంటి పొడిదనానికి 2002లో అమెరికా ఆమోదించిన తొలి సైక్లోస్పోరిన్ కంటిచుక్కల మందులో ఆ ఔషధాన్ని కలిపి ఉంచేది ఆముదపు తైలమే. గానుగ నుంచి తెచ్చిన ఆముదం అందుకు సమానం కాదు. శుద్ధి చేయని నూనె కంటిలో వేస్తే సూక్ష్మజీవులు చేరే ప్రమాదముంది.

ఆధునిక వైద్యం కూడా ఈ జబ్బును నెమ్మదిగానే అర్థం చేసుకుంది. రెప్ప కింద చిన్న కాగితపు పట్టీ ఉంచి 5 నిమిషాల్లో ఎంత తడిసిందో చూసే పరీక్షను కంటివైద్యుడు షిర్మర్ 1903లో చెప్పాడు. నోరూ కళ్లూ ఎండే జబ్బును స్వీడన్ వైద్యుడు షోగ్రెన్ 1933లో వివరించాడు. 1995లో నిపుణులు కూర్చిన నిర్వచనంలో కంటి అసౌకర్యం తప్ప చూపు ప్రస్తావన లేదు. చూపులో తేడా కూడా ఈ జబ్బు లక్షణమేనన్న మాట 2007 నిర్వచనంలో గాని చేరలేదు.

ఆ రెండు నిర్వచనాల నడుమనే, 1996 నుంచి 2000 వరకు, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం జరిపింది. 10,293 మందిని పరీక్షించిన ఆ అధ్యయనానికి ఎంచిన నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. గుడ్డితనంలో నూటికి అరవై పాళ్లు శుక్లం వల్లనో, కళ్లజోడుతో సరిపోయే దోషం వల్లనో వచ్చిందని తేల్చి, పల్లెల్లో కంటివైద్యం విస్తరించడానికి అది గట్టి ఆధారమైంది. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న తూడుకుర్తిలో ఆ సంస్థ గ్రామీణ నేత్రకేంద్రం నడుపుతోంది. అయితే అక్షరాల పట్టిక ముందు నిలబడ్డవాడు రెండుసార్లు రెప్ప వాల్చి అడుగు వరుసను చదివేస్తే, మధ్యాహ్నం మూడింటికి మగ్గం మీద అతనికి పోగు కనబడని సంగతి ఆ పట్టిక చెప్పలేదు. ఇది సర్వే తప్పు కాదు, కొలమానపు హద్దు. అదే సంస్థ తన వద్దకు వచ్చిన లక్షలాది రోగుల కంప్యూటరు పత్రాల నుంచి తీసి 2019లో ప్రచురించిన లెక్కలో కళ్లు పొడిబారినవారు నూటికి ఒకటిన్నర మందిలోపే తేలారు. ఆస్పత్రి మెట్లెక్కిన వారి నుంచి వచ్చిన సంఖ్య అది. చీరకింత కూలి మీద బతికేవాడు కంటి మంటకోసం ఒక రోజు మగ్గం ఆపి వెళ్లడం అరుదు గనుక, దాన్ని నడిగడ్డ మగ్గాలకు యథాతథంగా అన్వయించడం కుదరదు.