జామియా ఉస్మానియా – మన పిల్లలు – విశాల ప్రపంచం

ఏటా మన రామంతాపూర్ బస్తీల పిల్లలు కొందరు ఉస్మానియా క్యాంపస్‌లో మొదటి సంవత్సరం చేరుతూ ఉంటారు. హబ్సిగూడ దాటితే తార్నాక, ఆ పక్కనే క్యాంపస్. దూరం తక్కువే గాని భయం ఎక్కువ. “ఉర్దూ మీడియం వాళ్లం, ఇంగ్లీషు సరిగా రాదు, అక్కడ మమ్మల్ని ఎవరు లెక్కచేస్తారు సార్?” అని పిల్లలు అడుగుతారు. ఔనేమో అని తల్లిదండ్రులూ అనుకుంటారు. ఈ భయానికి ఆ విశ్వవిద్యాలయ చరిత్రే జవాబు చెబుతుంది.

అక్బర్ హైదరీ సమర్పించిన విజ్ఞాపనను ఆమోదించి, 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేశారు. 1919 ఆగస్టులో గన్‌ఫౌండ్రీ దగ్గర తరగతులు మొదలైనాయి. విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది. బోధన అంతా ఉర్దూలోనే. అయితే పుస్తకాలేవి? అందుకోసమే దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి నాయకత్వం వహించారు. యూరప్ భాషల్లో ఉన్న చరిత్ర, తత్వశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం ఉర్దూలోకి వచ్చాయి. లేని మాటలకు కమిటీలు కూర్చొని కొత్త మాటలు తయారుచేశాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మీడియం ఉర్దూ అయినా, ప్రతి విద్యార్థికీ ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశం. సొంత భాషలో ఆలోచించు, పరాయి భాషతో ప్రపంచాన్ని చూడు అన్నదే ఆ ఏర్పాటు.

కట్టడంలో కూడా ఇదే దృష్టి. సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇంజినీర్లను యూరప్, అమెరికాతో సహా పలు దేశాల విశ్వవిద్యాలయాలు చూచి రమ్మని పంపారు. ఆర్ట్స్ కాలేజీ నమూనా గీసినవాడు బెల్జియం దేశస్థుడు జాస్పర్. 1934లో పునాదిరాయి పడింది, 1939లో ప్రారంభోత్సవం జరిగింది.

అలా చదివినవారు ఏమైనారు? డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఉస్మానియాలో చదివి, జర్మనీలో బాన్‌లోను, పారిస్‌లోను డాక్టరేట్లు పొంది, దివ్య ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు. రజీయుద్దీన్ సిద్దీఖీ ఇక్కడి నుంచి కేంబ్రిడ్జికి, లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గరికి వెళ్లి చదివారు. ఇద్దరూ ఉర్దూ మీడియం వాళ్లే!

లోపం కూడా చెప్పుకోవాలి. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆనాడు బోధనలో ఆ స్థానం దక్కలేదు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను బహిష్కరిస్తే, వారిలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. తలుపులు కొందరికే తెరిస్తే విశాల దృష్టి అనిపించుకోదు. ఈ పాఠం మనకూ వర్తిస్తుంది.

సైనికచర్య తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు బోధనా భాష అయింది. కాని ప్రపంచం మాత్రం ఆ చుట్టుపక్కలే ఉంది. 1958లో మొదలైన ఇంగ్లీషు సంస్థ ఈనాడు విదేశీ భాషలు నేర్పే విశ్వవిద్యాలయం. అదే 1958లో కూనూరు నుంచి వచ్చిన పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. యెమెన్, సూడాన్ వంటి దేశాల విద్యార్థులు క్యాంపస్‌లో చదువుతున్నారు.

కాబట్టి కొత్తగా చేరే పిల్లలకు మేము చెప్పేది ఇంతే. మనవాళ్లతోనే ఒక బెంచీ మీద కూర్చోకండి. ఆదిలాబాదు నుంచి వచ్చిన తెలుగు మిత్రుడు, సూడాన్ నుంచి వచ్చిన మిత్రుడు ఇద్దరూ మీకు పాఠమే. రోజూ ఒక గంట లైబ్రరీలో గడపండి. ఇంగ్లీషు తప్పులతోనైనా మాట్లాడండి. ఉర్దూను దాచుకోకండి, తెలుగును నిర్లక్ష్యం చేయకండి, వీలైతే ఇంకో భాష నేర్చుకోండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. “పది పాసయ్యాడు, దుబాయ్ పంపుదాం” అనే తొందర వద్దు. దేశాలు పోవడం వేరు, ప్రపంచాన్ని తెలుసుకోవడం వేరు. చదువు లేకుండా పోయినవాడికి పని దొరుకుతుంది, ప్రపంచం దొరకదు. ఆడపిల్లను క్యాంపస్‌కు పంపడానికి వెనుకాడవద్దు. విద్య ఆర్జించడం మన దీన్‌లో విధి, అది మగపిల్లలకే పరిమితం కాదు.

ఫీజుకో, పుస్తకాలకో ఇబ్బంది అయి ఏ బిడ్డ చదువూ మొదటి సంవత్సరంలోనే ఆగిపోకుండా చూడడం మన సంఘం బాధ్యత. అల్లాహ్ మన పిల్లలకు విశాల హృదయం, ఉపయోగపడే విద్య ప్రసాదించుగాక. ఆమీన్.