మీట ఎవరి చేతిలో: ఛాయాచిత్ర ముద్రణయంత్రాల అమరికలపై ఆంక్షల చరిత్ర

ఉప్పల్, నాచారం హైదరాబాదు తూర్పు అంచున ఒకే మండలంలో ఆనుకొని ఉన్న ప్రాంతాలు. పారిశ్రామికవాడలుగానే వీటికి పేరు ఎక్కువ. కాని ఛాయాచిత్ర ముద్రణను దృష్టిలో ఉంచుకొని చూస్తే ఈ రెండుచోట్లా రెండు భిన్న సంప్రదాయాలు కనిపిస్తాయి. ఉప్పల్‌లో 1967లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో భారత సర్వేక్షణ శాఖ శిక్షణకేంద్రం ఏర్పడింది. నాచారంలో ఎన్.టి. రామారావు కుటుంబానికి చెందిన రామకృష్ణ స్టూడియో ఉంది. ఒకచోట విమానం నుండి తీసిన చిత్రాలతో పటాలు తయారుచేయడం నేర్పారు; మరొకచోట సినిమాలు తీశారు. రెండింటికీ ఆధారం నెగటివ్, దాని నుండి తీసే ప్రింటు. ఆ ప్రింటు వెలుగునీడలనూ రంగునూ నిర్ణయించే అధికారం యంత్రం ముందు కూర్చున్న వ్యక్తికి ఎంతవరకు ఉండేది, అది ఎందుకు కుదించుకుపోయింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

రాజా దీనదయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడిపిన 19వ శతాబ్దిలో ఈ ప్రశ్నకు అర్థం లేదు. గుడ్డుసొన పూసిన కాగితాన్ని నెగటివ్‌తో జోడించి ఎండలో పెట్టేవారు. ఎంతసేపు ఉంచాలో చెప్పేది పనివాని కన్నే. మీట లేదు కనుక తాళమూ లేదు. 1888లో కొడాక్ కంపెనీ తెచ్చిన పెట్టెకెమెరాతో పరిస్థితి మారడం మొదలైంది. ఫిల్ము అయిపోగానే కెమెరాను మొత్తంగా కర్మాగారానికి పంపాలి. ముద్రణ కొన్నవాని చేతినుండి పూర్తిగా తప్పిపోయింది. 1954లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన న్యాయస్థాన ఒప్పందం ప్రకారం రంగుల ఫిల్మునూ దాని ముద్రణనూ కలిపి అమ్మే పద్ధతిని ఆ కంపెనీ వదులుకోవలసి వచ్చింది. స్వతంత్ర లాబ్‌లు పుట్టాయి. వాటన్నిటిలోనూ ఒకే రంగు రావాలంటే కొలమానం కావాలి. అలా వచ్చినదే ‘షర్లీ కార్డు’: తెల్లజాతి యువతి చిత్రం, పక్కన రంగుల గళ్లు. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్లు లెక్క. ఈ కొలమానంలో దాగిన జాతివివక్షను లోర్నా రాత్ 2009లో ప్రచురించిన పరిశోధనపత్రంలో విపులంగా చర్చించారు.

సినిమా లాబ్‌లలో విభజన ఇంకా స్పష్టం. 1961లో వచ్చిన బెల్ అండ్ హోవెల్ మోడల్-సి ప్రింటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులకు విడివిడిగా 50 మెట్లు ఉంటాయి. 12 మెట్లు కలిస్తే కెమెరా భాషలో ఒక స్టాపు. ఏ షాటుకు ఎన్ని మెట్లో గ్రేడర్ నిర్ణయించి, రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీ మీద నమోదు చేసేవాడు. యంత్రం నడిపేవాని పని ఆ పట్టీని ఎక్కించి ఫిల్మును పరుగెత్తించడమే. హైదరాబాదులో రంగుల లాబ్‌లు స్థిరపడకముందు తెలుగు చిత్రాల నెగటివ్‌లు మద్రాసుకు వెళ్ళేవి. అంటే హైదరాబాదులో వేసిన సెట్టు తుది రంగు మద్రాసులోని గ్రేడర్ బల్ల దగ్గర తేలేది.

విమానచిత్రాల విషయంలో ఆంక్ష మరొక రకం. కొలతలు తీయవలసిన ప్రింటులో పరిమాణం మారరాదు కనుక 23 సెంటీమీటర్ల నెగటివ్‌ను అదే పరిమాణంలో కాగితానికి ఆనించి ముద్రించేవారు. ఇక్కడ మీటకన్నా ముందు ప్రింటుకే తాళం: రక్షణశాఖ పరిశీలన లేకుండా అది బయటికి వచ్చేది కాదు. భూస్థానిక సమాచారంపై ఆంక్షలను 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు చాలావరకు సడలించాయి.

సామాన్యుని జీవితాన్ని తాకినది మాత్రం మినీలాబ్. 1970ల చివర జపాన్‌కు చెందిన నోరిత్సు సంస్థ ప్రవేశపెట్టిన ఈ యంత్రం తరువాతి రెండు దశాబ్దాలలో మన పట్టణాల కూడళ్లకు చేరింది. దీనిలో అమరికలు రెండు అంతస్తులు. ఒక్కొక్క ఫిల్ము రకానికి విడిగా ఉండే చానెల్, తక్కువ-ఎక్కువ ఎక్స్‌పోజర్‌లను సరిదిద్దే స్లోప్, మూల సమతౌల్యం పై అంతస్తు. ఇవి చాలా యంత్రాల్లో ఇంజనీరుకో యజమానికో తెలిసిన రహస్యసంఖ్య వెనుక ఉండేవి. ఆపరేటరుకు మిగిలినవి సాంద్రత మీట, పసుపు, మెజెంటా, సయాన్ మీటలు.

ఈ తాళం నిష్కారణం కాదు. సి-41 పద్ధతిలో డెవలపరు 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి; అనుమతించే తేడా డిగ్రీలో ఆరోవంతుకూడా లేదు. ద్రావణం బలహీనపడి రంగు వాలినప్పుడు ఆపరేటరు మూల సమతౌల్యాన్నే జరిపితే ఆ పూటకు ప్రింట్లు బాగుంటాయి. దోషం మాత్రం కనబడకుండా పోతుంది. తరువాతి షిఫ్టువాడు కొత్త ద్రావణం పోయగానే అన్ని ముఖాలూ ఎదురుదిశలో రంగు మారతాయి. పొద్దున్నే కంట్రోల్ స్ట్రిప్పు తీసి డెన్సిటోమీటరుతో కొలవమనడం ఇందుకే.

అయితే యంత్రం ‘సహజం’ అనుకొనేది ఏమిటి? రాల్ఫ్ ఎవాన్స్ 1951లో పేటెంటు పొందిన సూత్రం ప్రకారం ఏ దృశ్యంలోనైనా రంగులన్నీ కలిపితే సగటున బూడిదరంగు రావాలి. మన పెళ్ళి దీనికి ఒప్పదు. మధుపర్కాల తెలుపు చట్రం నిండా ఉంటే యంత్రం దానిని బూడిదవైపు లాగుతుంది, వధూవరుల ముఖాలు నల్లబడతాయి. మంగళస్నానాల పసుపును యంత్రం దోషంగా భావించి నీలం కలుపుతుంది. ఆ క్షణంలో చిత్రాన్ని కాపాడేది ఆపరేటరు వేలే. పసుపు పసుపుగానే ఉండాలని తెలిసినవాడు అతడొక్కడే.

కనుక ఆపరేటరును కేవలం పొరపాట్లు చేసేవానిగా చూసే సాంకేతిక గ్రంథాల ధోరణిని ఈ వ్యాసకర్త అంగీకరించలేరు. అలాగని తెరిచిన మీట నిర్దోషి కూడా కాదు. పెళ్ళికూతురు తెల్లగా రావాలన్న కోరిక సాంద్రత మీటను ఒక మెట్టు తగ్గించేది; ఆమె చర్మంతోపాటు పట్టుచీర జరీ కూడా వెలిసిపోయేది. 1996లో ఫుజీ ఫ్రాంటియర్‌తో డిజిటల్ మినీలాబ్ వచ్చాక దిద్దుబాటులో అధికభాగం కంప్యూటరుకు తరలింది. పక్కనే ఉన్న నాలుగు మీటలు మిగిలాయి. ఆల్బంలలో నేటికీ చెదరక నిలిచిన ఆ పసుపు, వెలిసిన ఆ జరీ రెండూ ఆ మీటల మీద పడిన వేళ్ల జాడలే.